అన్న మోసిన స్టూలు

ఆఫీసులో మేమంతా అన్నా అని పిలిచే పెద్దాయన పోయిన సంగతి మా ఇంజనీరింగ్ వాళ్లకు అందరికన్నా ఆఖరున తెలిసింది. మాకు డిజైన్ వాళ్లు చెప్పి ఉంటారని ప్రొడక్ట్ వాళ్లు, ప్రొడక్ట్ వాళ్లు చెప్పి ఉంటారని డిజైన్ వాళ్లు ఊరుకున్నారు. నేను నాచారం నుంచి ఉప్పల్‌లోని ఆయన ఇంటికి బండి మీద చేరేసరికి పాడె గల్లీ మలుపు తిరుగుతోంది. ఆఖరి చూపు దక్కలేదు. ఒళ్లు మండిపోయింది. ఆయన జీవితమంతా మాకు నూరిపోసింది ఒక్కటే, ఒకరికొకరు చెప్పుకోమని. ఆయన పోయిన రోజే అది మరిచాం.

రక్తపరీక్షలకు టైం బుక్ చేసుకునే యాప్ మాది. ఏం కావాలో ప్రొడక్ట్ వాళ్లు చెబుతారు, ఎలా కనిపించాలో డిజైన్ వాళ్లు గీస్తారు, మేం కోడ్ రాస్తాం. అందరం ఒకే హాల్లో ఉంటాం. అయినా పది అడుగుల దూరానికి మెసేజులు పెట్టుకుంటాం. ఈ మూడు టీములకూ అన్నే పెద్ద. ఆయనకో క్యాబిన్ ఉండేది గానీ, అందులో ఆయన టిఫిన్ డబ్బా ఒక్కటే కూర్చునేది. ఆయన మాత్రం ఎర్ర ప్లాస్టిక్ స్టూలొకటి చేత పట్టుకుని సీటు సీటుకూ తిరిగేవాడు. దానికో కాలు కుంటి.

ఎవరైనా పక్క టీమ్ మీద ఫిర్యాదుతో వెళ్తే ఆ స్టూలు చేతికిచ్చేవాడు.

"మెసేజులల్ల లొల్లి తెగదు. ఇది తీస్కొని పో, పక్కన కూసోని అడుగు. అడిగితే ఏం పోతది?"

"నిలబడి అడిగితే కాదా అన్నా?"

"నిలబడితే హుకుం జేసినట్టుంటది. కూసుంటే మాట్లాడినట్టుంటది."

మేం వెనక నవ్వుకునేవాళ్లం. ఆ స్టూలుకు సింహాసనమని పేరు పెట్టింది నేనే.

మూడు నెలల కింద నేనొక పని చేశాను. యాప్‌లో కొత్త పేజీ నెమ్మదిగా తెరుచుకుంటోందని, 'పరగడుపున రండి' అని తెర మీద కనిపించే పెట్టెను తీసేశాను. ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే ఇడ్లీలు తినొచ్చిన ముసలివాళ్లను ల్యాబ్ వాళ్లు తిప్పి పంపారు. గొడవైంది. అప్పటి నుంచి ల్యాబ్ వాళ్లే ముందురోజు ఫోన్ చేసి చెబుతున్నారు. ఆ పెట్టె గీయడం డిజైన్ అమ్మాయే మరిచిపోయిందని అందరూ అనుకున్నారు. నేను పక్కనే కూర్చుని విన్నాను.

అన్నకు తెలిసిపోయింది. టీ దగ్గర మెల్లగా అడిగాడు.

"ఆ పిల్లకు జెప్పినవా?"

"చెప్తా అన్నా. నువ్వే చెప్పరాదు?"

"అది నేను జెప్పే మాట గాదు, నువ్వు జెప్పే మాట."

తర్వాత వారం వారం అదే ప్రశ్న. చివరికి ఆయన వస్తుంటే ఫోన్ చెవిన పెట్టుకుని మెట్ల వైపు పోయేవాణ్ని. సిగ్గుగా ఉంది రాయడానికి. దవాఖానాలో చేరాడని విన్నప్పుడు కూడా ముందు నాకు అనిపించింది, ఈ వారం అడగడులే అని.

అంత్యక్రియలయ్యాక రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు ఆయన క్యాబిన్‌లోంచి స్టూలు తెచ్చి ఆ అమ్మాయి పక్కన వేసుకున్నాను. చెప్పేశాను.

కాకినాడ పిల్ల, గలగలా మాట్లాడే మనిషి, మౌస్ పక్కకు నెట్టి నా వైపు తిరిగింది.

"మూడు నెలలండీ. నాకు నేనే మరిచిపోయానేమో అనుకున్నాను. పాత ఫైళ్లన్నీ తిరగేశాను" అంది. తర్వాత స్క్రీన్ వైపు తిరిగింది.

స్టూలు అక్కడే వదిలేసి వచ్చాను. కోడ్ ఒక్క లైను సాగలేదు. లేచాను, కూర్చున్నాను, నీళ్లు తాగాను.

నాలుగింటికి నా కుర్చీ పక్కన టక్‌మని చప్పుడైంది. ఆ అమ్మాయి స్టూలు వేసుకుని కూర్చుంది.

"కోపం పోలేదు. ఆ పెట్టె పేజీ బరువెక్కకుండా ఎలా పెట్టాలో చూపించండి" అంది.

చూపించడం మొదలుపెట్టాను. ఆమె స్క్రీన్ వైపు వంగినప్పుడల్లా స్టూలు కుంటికాలు నేలకు తగులుతోంది, టక్, టక్.