బొట్టు పెట్టిన అక్షరాలు

పత్రికాఫీసు ఉద్యోగం వదిలాక సాయంత్రాలు నాకు మెత్తగా, పొడుగ్గా గడుస్తున్నాయి. సముద్రం మీద గాలి మొదలయ్యే వేళకు ఒక పాత మేడ ఎక్కుతాను. అక్కడ తెరిచిన కిటికీల మధ్య, యానాం నుంచి వచ్చిన టీచరు ఒకామె తెలుగు చదవడం నేర్పుతుంది. నేర్చుకునేవాళ్ళూ తెలుగు ఆడవాళ్ళే. ఎన్నో తరాల కిందట ఈ తమిళ ఊళ్ళో స్థిరపడ్డ కుటుంబాలు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, చదివేది మాత్రం తమిళం.

తెప్పించిన పిల్లల వాచకాలు మొదటి వారమే అటకెక్కాయి. "ఇవి పాలపళ్ళ పుస్తకాలు, మాకు ఊడే పళ్ళు," అన్నారు. దాంతో టీచరు తనే అట్టలు తయారుచేసుకుంది. దుకాణాలవాళ్ళు ఊరికే ఇచ్చే క్యాలెండర్ల వెనకవైపు ఆ ఆడవాళ్ళ ఇళ్ళలోని వస్తువుల బొమ్మలు గీసి, కింద పెద్ద అక్షరాలు రాసేది. నేను స్కేలు పెట్టి కోసి, అంచులు అతికించేవాణ్ణి. కొబ్బరాకుల నీడలు ఆ అట్టల మీద ఊగుతుంటే గడపలూ గిన్నెలూ నీళ్ళలో తేలుతున్నట్టుండేవి.

వాళ్ళందరినీ మేడ ఎక్కించింది ఒక పెద్దమ్మ. ఆమె మానేస్తే మిగతావాళ్ళూ మానేస్తారని, తరగతి అక్కడితో సరని టీచరుకు తెలుసు. ఆ పెద్దమ్మకే అక్షరం లొంగలేదు. ఏది రాసినా చివర్లు కలిపేసేది.

"కింద కలపకండి పెద్దమ్మగారూ. గ కాస్తా ర అయిపోతోందండి."

"నేను యాడ కలిపినాను? చెయ్యే పోయి కలుపుకుంటా ఉంది."

"అక్క చెయ్యి ఇంకా వాకిట్లోనే ఉండాది," అని పక్కావిడ కిసుక్కుమంది.

"నోరు మూయవే. నీ రాత చూస్తే కాకి నడిచినట్టుండాది."

అందరూ నవ్వారు గానీ ఆమె నవ్వలేదు. పలక పక్కన పెట్టేసింది.

"రేపట్నుంచి రాను టీచరమ్మా. కోలం ముగ్గు గీతలో సందు విడిస్తే పీడ లోపలికొస్తాదని మా అమ్మ వేళ్ళ మీద కొట్టి నేర్పింది. ఇప్పుడు తెరిచి విడవమంటే ఏంది చేసేది?"

మర్నాడు తెల్లవారుజామున నడకకు వెళ్ళి పెద్దమ్మ వాళ్ళ వీధిలోకి తిరిగాను. నీళ్ళు చల్లిన వాకిళ్ళు పొగమంచులో మెరుస్తున్నాయి. పెద్దమ్మ కోలం పూర్తిచేసి నడుం ఎత్తుతోంది. చుక్కల చుట్టూ ఒకే గీత, మొదలెక్కడో చివరెక్కడో తెలియకుండా తిరిగింది. పక్కనే టీచరు గొంతుక్కూర్చుని ఉంది. బతిమాలడానికే వచ్చినట్టుంది. పిండి గిన్నె అడిగి తీసుకుని, కోలం పక్కన గ ఒకటి గీసింది. కింద తెరిచే ఉంచింది.

పెద్దమ్మ దాని మీదికి వంగింది. మూసేద్దామని వేళ్ళు రెండుసార్లు పిండిలోకి వెళ్ళి వెనక్కొచ్చాయి. ఏదో తట్టినట్టు లోపలికి పోయి కుంకుమ భరిణె తెచ్చింది. గ రెండు కాళ్ళ దగ్గరా చెరో బొట్టు పెట్టింది.

"సరి. కావలి పెట్టినాను. ఇంక తెరిచే ఉండనీ."

"మరి సాయంత్రం వస్తారాండీ?"

"ముందు కాపీ తాగు. అయ్యా, నువ్వూ రా, దూరంగా నిలబడి ఏంది చూస్తుండావు?"

ఆ మధ్యాహ్నమంతా టీచరూ నేనూ అట్టలు ముందేసుకుని కూర్చున్నాం. గీత ఎక్కడ తెరిచి ఉంటే అక్కడల్లా ఎర్ర స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టుకుంటూ పోయాం.

సాయంత్రం మెట్ల మీద ముందు పెద్దమ్మ దగ్గు వినబడింది, వెనక మిగతావాళ్ళ చెప్పుల చప్పుడు. ఆమె గడప బొమ్మ ఉన్న అట్ట తీసుకుని, ఎర్రచుక్కల మీద వేలు ఆనిస్తూ ఒక్కో అక్షరం పలకలోకి దించింది. ఏదీ మూయలేదు. గాలికి మిగతా అట్టలు చాప మీద మెల్లగా కదిలాయి.

"గడప," అని చదివి తలెత్తింది. "తెరిచే ఉండాది చూడు టీచరమ్మా."