కాకుల కోసం కట్టిన సీడీ

సంతలో ఎండుచేపల వాసన తగిలితే నాకు అక్క కంప్యూటర్ గుర్తొస్తుంది.

అక్క టైపింగ్ పరీక్షకి వారం ఉందనగా అది ఆగిపోయింది. కంప్యూటర్ని నడిపే ఓఎస్ మళ్ళీ ఎక్కించాలంటూ అక్క దాని సీడీ కోసం ఇల్లంతా వెతికింది. సీడీ మెరుపుకి కాకులు బెదురుతాయని అంతకుముందే నేను దాన్ని నాయనమ్మకిచ్చేశాను. ఆవిడ సముద్రం ఒడ్డున ఆరబెట్టిన చేపల మీద తాడుకి కట్టింది.

విప్పి తెచ్చి పెట్టాం. కంప్యూటర్ కాసేపు గిర్రుమని, బయటికి తోసేసింది. మళ్ళీ పెట్టాం, మళ్ళీ తోసేసింది. నీచు వాసన దానికి గిట్టట్లేదనుకున్నాను.

"సబ్బెట్టి కడగనా అక్కా?"

"ఒసే, ఇసక గీతలు కడిగితే పోతాయేటే?" అంది. తిట్టలేదు.

ఊళ్ళో ఇంకో కంప్యూటర్ లేదు. ఇప్పుడైతే పెన్ డ్రైవ్‌తో నేనే అరగంటలో ఎక్కించేస్తాను.

అక్క ఆ పరీక్షకి వెళ్ళలేదు. సీడీ విప్పేసిన తాడు కింద కూర్చుని, ఆ ఎండాకాలమంతా కాకుల్ని తోలింది.