ఇంకా తేలికైనది వస్తుందని

ఎమ్మిగనూరులో జనార్దన్ మగ్గం నేస్తాడు. చీర అంచుల బొమ్మలు అతని భార్య హేమలత ల్యాప్‌టాప్‌లో గీసేది. జబ్బు చేసి మంచం పట్టాక కూడా మానలేదు, పడుకునే దాన్ని పొట్ట మీద పెట్టుకుని గీసేది.

"పొట్ట మీద బండ పెట్టినట్టుండాదప్పా. తేలికది ఒకటి కొను" అంది.

కొందామనుకునేలోపు కొత్త మోడల్ కబురు జనార్దన్‌కు ఫోన్‌లో కనబడింది. ఇంకా పలుచన, ఇంకా తేలిక, రోజంతా ఛార్జింగ్ నిలుస్తుందట.

"వచ్చే నెల్లోనే వస్తాదంట. ఇప్పుడుండేది కొంటే నెలకే పాతబడిపోతాది" అన్నాడు.

పోగు తెగితే అతకడానికి క్షణం ఆగని మనిషి, దీనికి మాత్రం ఆగాడు. అందాకా పాత ల్యాప్‌టాప్‌ను మగ్గం తాళ్లతో దూలానికి కట్టి, బరువు పడకుండా ఆమె చేతులకందేలా వేలాడదీశాడు. ఆ నెలా పోయింది, మరో రెండు నెలలూ పోయాయి. వానలు రాకముందే హేమలత చనిపోయింది.

దసరాకు కొత్తది ఆదోని అంగడికి వచ్చింది. చూడకుండా ఉండలేక వెళ్లాడు. అంగడాయన దాన్ని తీసి చేతుల్లో పెట్టాడు.

"ఎంత తేలిగ్గా ఉండాదో సూడన్నా. చేతిలో ఏమీ లేనట్టే."

జనార్దన్ దాన్ని రెండు చేతుల మీదా పట్టుకున్నాడు. చివరి రోజుల్లో హేమలతను మంచం మీది నుంచి ఎత్తినప్పుడూ అంతే, చేతుల్లో ఏమీ లేనట్టే ఉండేది.