అడుగుదాకా పోయిన గరిటె

మా పాస్టరమ్మ కన్నుమూసిందని మొన్న తర్లుపాడు నుంచి వచ్చిన మనిషి గిద్దలూరులో మా బడి గుమ్మం దగ్గర నిలబడి చెప్పాడు. పిల్లలకు సెలవిచ్చి రైలెక్కాను. దారి పొడుగునా ఏడ్చాను. మధ్యలో ఒకచోట పకపకా నవ్వాను కూడా. ఎదుటి బల్ల మీద కూర్చున్న పెద్దాయన జడుసుకున్నట్టున్నాడు, పాపం. ఎందుకు నవ్వానో మీకు చెప్పాలి.

మీలో చాలామంది ఆమెను ఎరగరు. తర్లుపాడు పక్క పల్లెలో పాస్టరుగారి భార్య. కూలికి పోయే ఇళ్ల ఆడవాళ్లచేత, ఎసరు పెట్టగానే ముందుగా ఒక పిడికెడు జొన్నలు పక్క కుండలో తీసిపెట్టించేది. అది వాళ్ల సొంత పిల్లల నోటి దగ్గరి తిండి. ఆ పిడికెళ్లన్నీ ఆదివారాల్లో గుడిలో పోగై మార్కాపురంలోని మా ఆశ్రమానికి బండిలో వచ్చేవి. అమ్మకానికి తరలిపోతున్న ఆడపిల్లలను విడిపించి ఉంచే ఇల్లు అది. పట్నంలో పని ఇప్పిస్తానని నమ్మించి ఒక ఆడమనిషి నన్నూ, నాకంటే పెద్దదైన ఇంకో పిల్లనూ దొనకొండలో రైలెక్కిస్తుంటే ఆశ్రమం నడిపే సంఘంవాళ్లు పట్టుకుని అక్కడికి చేర్చారు. ఆ పిల్లనే నేను అక్క అంటాను.

విడిపించినందుకు ఆ సంఘానికి ఇప్పటికీ దండం పెడతాను. తిండి సంగతి మాత్రం అడగకండి. మాకు దక్కేది నీళ్ల జావ. చెన్నపట్నం నుంచి చందాదారులు వస్తే పందిళ్లు, పూలదండలు, బాజాలు! మాకు కొత్త పావడాలు కట్టి ఫొటో తీయించి, వాళ్ల బండి మలుపు తిరగ్గానే విప్పించేవారు.

"మనల్ని రైలెక్కించబోయిన ఆయమ్మతో పోయింటే కడుపుకింత తిండన్నా దొరికేది. మళ్లీ కనపడితే పోతా" అనేది అక్క. అక్క పోతే నాకెవరున్నారు?

ఒక మధ్యాహ్నం జొన్నల బండితో పాస్టరమ్మే వచ్చింది. ఎవరింటికి పోయినా వడ్డించే చేతిని ఆపి, "గరిటె అడుగుదాకా పోనీమ్మా" అనడం ఆమెకు అలవాటు. ఆరోజు మా కుండలో తానే గరిటె దించింది. అడుగునా నీళ్లే. నేను ఆమె కొంగు పట్టుకుని అక్క మాట చెప్పేశాను. ఆమె తిన్నగా సంఘం సెక్రెటరీ గదికి పోయింది.

"అయ్యా, మా జొన్నలు ఏమైనాయి?"

"సంఘమన్నాక సవాలక్ష ఖర్చులుంటాయమ్మా. ఇచ్చినాక అడిగితే పుణ్యం పోతుంది. ఈ మాట బయట పడిందంటే చందాలు ఆగిపోతాయి, పిల్లలు వీధిన పడతారు. ఆపైన నీ ఇష్టం."

పిల్లలు వీధిన పడతారన్న మాటకు ఆమె జంకింది. ఖాళీ బండి ఎక్కి ఇంటికి పోయింది. పాస్టరుగారు కూడా "పెద్దోళ్లతో మనకెందుకు?" అన్నారట. "ఇల్లిల్లూ తిరిగి అడిగింది నేను. పెట్టినోళ్ల మొఖం ఎట్ల చూడాల? నోరు మూసుకుంటే ఆ బిడ్డలు యాడికి పోతారో మీకు తెల్దా?" అని అడిగిందట ఆమె.

సంఘం సభ రోజు వచ్చింది. పందిట్లో అతిథులకు ఆకులు వేస్తున్నారు. వెనక వసారాలో మా బంతి. పల్లెల ఆడవాళ్లు ఎవరి గిన్నె వాళ్లు పట్టుకుని, పాస్టరమ్మ వెంట వచ్చి మా పక్కనే కూర్చున్నారు. మా వైపు బంతిలో కూర్చున్న మనిషిని లేపడమంత తప్పు ఇంకొకటి లేదు. అక్కడున్న పెద్దమనిషి ముందుగా నోట్లో పెట్టుకోనిదే బంతి మొదలు కాదు. సెక్రెటరీ పరుగున వచ్చాడు.

"మీకు పందిట్లో వేస్తాం, లేవండమ్మా!"

"మా జొన్నలు ఉడికేది ఈడనే గదా నాయనా. ఈ బిడ్డలతోనే తింటాం."

గోల విని సంఘం అధ్యక్షులు వచ్చారు. పింఛను పుచ్చుకున్న డాక్టరు ఆయన. వెనకాలే చందాదారులు. పాస్టరమ్మ మా జావ గిన్నె అందించి, "పెద్దలు, ముందు మీరు నోట్లో పెట్టుకోండి" అంది. కాదనడానికి లేదు. ఆయన తాగారు. ముఖం మాడిపోయింది.

"రోజూ ఇదేనా?"

అక్క లేచి నిలబడింది. "లేదయ్యా. ఈరోజు సభ గదా, ఉప్పు వేసినారు."

రైల్లో నేను నవ్వింది అందుకే.

ఒక్క చందా కూడా ఆగలేదు. అతిథులు చూస్తుండగా పందిట్లోని పాయసం గుండిగ మా బంతికి వచ్చింది! అధ్యక్షులు కొట్టుగది తాళంచెవి సెక్రెటరీ దగ్గర తీసుకుని పాస్టరమ్మ చేతిలో పెట్టారు. ఆమె దాన్ని బొడ్లో దోపుకుని పొయ్యి దగ్గరికి నడిచింది. మరునాటి నుంచి పల్లెల ఆడవాళ్లే వంతులు వేసుకుని వచ్చి వండారు. మొదటిరోజు సంగటి ముద్ద ఎత్తు చూసి మేము గంతులేశాం. అక్క మళ్లీ ఆ ఆడమనిషి పేరెత్తలేదు. తల్లీ, నీ రుణం మాకు తీరేది కాదు.

ఆమెను పూడ్చిపెట్టాక నేను ఇంటికి తిరిగిపోలేదు. మార్కాపురం పోయాను. ఆశ్రమం వంటిల్లు ఇప్పుడు అక్కదే. చూపు మందగించినప్పుడు పాస్టరమ్మ ఇచ్చిన తాళంచెవి అక్క బొడ్లో ఉంది. ఏడ్చి కళ్లు వాచిపోయి ఉన్నా వడ్డన ఆపలేదు. బంతి చివర కొత్తగా వచ్చిన పిల్ల, ఎవరైనా లాక్కుంటారేమోనని గిన్నెను రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. అక్క ఆ పిల్ల ముందు వంగి, గరిటెను అడుగుదాకా దించి, చిక్కటి పప్పు నిండుగా పైకి తీసింది.