పగార్ వడ్డదా తమ్మీ?

ఆడవాళ్ల వయసు, మగవాళ్ల జీతం అడగకూడదంటారు. ఆ మాట అన్నవాడు సూరత్‌లో మా నేతవాళ్ల వాడకు ఎన్నడూ వచ్చి ఉండడు. ఇక్కడ పెళ్లికి వెళ్లినా, పదకొండో రోజు భోజనానికి వెళ్లినా, ముందు విస్తరి వేసి తర్వాత అడిగేది ఇదే. "ఫైర్ ఇన్‌స్పెక్టరుకు పగార్ ఎంతొస్తది?" నేను చెప్తాను. దాచడానికి అదేమైనా వజ్రాల మూటా? మొదటి ఐదేళ్లు ఫిక్స్ జీతం, తర్వాత స్కేలు. ఇప్పుడు కోతలన్నీ పోను చేతికి అరవై వేలకు కొంచెం తక్కువ. విన్నవాళ్లు తలాడించి, గొంతు తగ్గించి అసలు ప్రశ్న అప్పుడు వేస్తారు.

"మరి పైన?"

పైన ఏమీ లేదంటే నమ్మరు. నాకు వచ్చిన మూడు పెళ్లి సంబంధాలూ ఈ "పైన" దగ్గరే ఆగిపోయాయి. ఒక పెద్దమనిషి "నిప్పు లేంది పొగ రాదు బిడ్డా" అన్నాడు. పొగ గురించి నాకు చెప్పినవాడు ఆయనొక్కడే. ఇంకొకాయన నేను నిజమే చెప్తున్నానని నమ్మాడు, నమ్మి అందుకే వద్దన్నాడు. ఇప్పుడు నాకు నలభై నాలుగు. ఆల్థాన్‌లో రెండు గదుల అద్దె ఫ్లాట్‌లో ఒక్కడినే ఉంటాను. పొద్దున్నే చాయ్ కాచి ఫ్లాస్కులో పోసుకుని బయలుదేరతాను. తనిఖీకి వెళ్లిన ప్రతిచోటా నేను కూర్చోకముందే చాయ్ వస్తుంది. అది తాగను. జీపు పక్కన నిలబడి నా చాయ్ నేను తాగుతాను. నేను రాగానే మనుషులు మాట్లాడటం ఆపేస్తారు, వెళ్లాక మొదలుపెడతారు. పద్దెనిమిదేళ్లుగా ఇదే.

నా జీతం గురించి "పైన" అన్న మాట ఎత్తకుండా అడిగినవాడు ఒక్కడే, మా అన్న. ప్రతినెలా ఒకటో తారీఖున ఫోన్ చేసేవాడు.

"పగార్ వడ్డదా తమ్మీ?"

"వడ్డదన్నా."

"మంచిది. జర మంచిగ తిను." అంతే, పెట్టేసేవాడు.

ఒక్క రూపాయి ఎప్పుడూ అడగలేదు. మా బాపు పోయినప్పుడు నేను పదో తరగతి, అన్న ఇంటర్. ఇద్దరిలో ఒకరు చదువు ఆపక తప్పలేదు. అన్న నాతో ఒక్క మాటైనా అనకుండా మర్నాడు బాపు పనిచేసిన ఖాతాకు వెళ్లి, బాపు నడిపిన సాంచాల ముందే నిలబడ్డాడు. మరమగ్గాల షెడ్డును ఇక్కడ ఖాతా అంటారు, మగ్గాలను మావాళ్లు సాంచాలంటారు. నా ఫైర్ కోర్సు ఫీజు ఆ సాంచాల మీద మీటరుకింత లెక్కన వచ్చిన డబ్బే. అందుకని నా పగార్‌లో తనకు వాటా ఉందని అన్న ఎప్పుడూ అనలేదు. పగార్ పడిందని తెలిస్తే చాలు, తనకే పడినట్టు ఉండేదనుకుంటాను. వాడలో మాత్రం నా జీతాన్ని ఇరవై వేలు పెంచి చెప్పేవాడు. చివాట్లు పెడితే నవ్వేవాడు.

రెండేళ్ల కింద, దసరా వెళ్లిన నాలుగో రోజు మధ్యాహ్నం, కడోదరా దగ్గర ఒక ఖాతాలో మంట లేచిందని ఫోన్ వచ్చింది. అన్న పనిచేసే ఖాతా అదే. దారిపొడుగునా అన్నకు ఫోన్ చేస్తూనే ఉన్నాను, ఎత్తలేదు. వెళ్లేసరికి రోడ్డు అవతల, మసి పట్టిన బనియన్‌తో కూర్చుని ఉన్నాడు. దగ్గరికి వెళ్లి ముట్టుకుందామనుకున్నాను. యూనిఫాంలో ఉన్నాను, అందరూ చూస్తున్నారు. ముట్టుకోలేదు.

ప్రాణాలు పోలేదు. ఒక ఒడియా కార్మికుడికి రెండు చేతులూ మోచేతుల దాకా కాలాయి. మంట చల్లారాక అది ఎక్కడ పుట్టింది, ఎందుకు ఆగలేదు అన్నది చూసి నివేదిక రాయడం నా పని. పుట్టిన చోటు తొందరగానే దొరికింది. ఒక మోటారు కాలి, కింద పేరుకున్న పీచు అంటుకుంది. అలాంటి మంటను గోడకున్న ఎర్ర సిలిండరుతో అర నిమిషంలో ఆర్పేయవచ్చు. సిలిండరు ఉంది, నిండుగా ఉంది. వాడకుండానే గేటు బయట పడి ఉంది. ఆ ఒడియా మనిషి దాన్ని గోడ మీంచి తీసుకుని మంట దగ్గరికి పరిగెత్తాడు. పిడి నొక్కాలంటే ముందు దాని పిన్ను లాగాలి. లాగాడు, రాలేదు. పంటితో కూడా లాగాడు, రాలేదు. ఈలోగా నూలు కండెలు అంటుకున్నాయి. వెనక తలుపు వైపు వెళితే దానికి అడ్డంగా మనిషెత్తు తాకాలు, అంటే బట్ట చుట్టలు. తలుపుకు బయటి నుంచి తాళం. గుడ్డ దొంగతనం పోతుందని ఖాతా యజమాని శేఠ్ వేయించిన తాళం. సిలిండరు చేతిలో ఉండగానే మళ్లీ మంటలోంచే ముందు వైపుకు వచ్చాడు.

సిలిండరును తిప్పి చూశాను. మెడకు పసుపు, కుంకుమ బొట్లు, వాడిన బంతిపూలు. దసరాకు మావాళ్లు సాంచాలకు, కత్తెరలకు పూజ చేస్తారు కదా, ఆ వరుసలో దీనికీ చేశారు. దండ జారిపోకుండా పసుపు దారంతో పిడినీ పిన్నునూ కలిపి కట్టారు. నేత ముడి. లాగేకొద్దీ బిగుస్తుందే తప్ప ఊడదు. ఆ ముడి కొసలు రెండూ ఎడమ వైపుకు తిరిగి ఉన్నాయి. మా ఇంట్లో ఎడమచేతి వాటం ఒక్కడిదే.

తర్వాత అన్నే చెప్పాడు. "అందరు సాంచాలకు చేస్తుండ్రు తమ్మీ. నేను మొదాలు దానికే చేసిన. అది మా తమ్ముని సామాన్ అన్న."



మా పైఅధికారి దగ్గరికి వెళ్లి, ఆ ఖాతాలో మా అన్న పనిచేస్తాడు, ఈ కేసు ఇంకెవరికైనా ఇవ్వండి అన్నాను. మనుషులు లేరు, చూసింది రాయి, నేనూ చూసి సంతకం పెడతాను అన్నాడాయన. రెండు రోజుల తర్వాత శేఠ్ ఘారీ మిఠాయి డబ్బాతో మా ఫ్లాటుకొచ్చాడు. దారం సంగతి వివరంగా రాయమన్నాడు, వెనక తలుపు సంగతి రాయవద్దన్నాడు. డబ్బాలో మిఠాయి ఒక్కటే లేదని దాని బరువే చెప్పింది. లిఫ్టు దాకా వెళ్లి డబ్బా ఆయన చేతిలోనే పెట్టి వచ్చాను. పెద్ద ధర్మరాజునని చెప్పుకోవడం లేదు. అలా తిప్పి పంపడం నాకు అలవాటు, దాంతో నాకేమీ కష్టం కాలేదు.

కష్టం ఆ మర్నాడు వచ్చింది. అన్న వచ్చి, కుర్చీలో కూర్చోకుండా గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"తలుపు ముచ్చట రాయి. జర ఆ దారం ముచ్చట ఇడిసిపెట్టు."

"ఎట్ల ఇడిసిపెట్టాలె అన్నా? ఆయన చేతులు కాలినయి."

"కాల్తయని కట్టిన్నా?"

"కాదు. నీ పేరు రాయను. కార్మికులు కట్టిండ్రని రాస్తా. రాయకుంటే వచ్చే దసరాకు ఇంకో ఖాతల ఇంకొకలు కడ్తరు."

"పేరెందుకు? ఎవలు కట్టిండ్రో ఖాత మొత్తానికి ఎరికే. నా ఒక్కని మీదికెళ్లి ఊరందరికీ బుద్ధి జెప్తవారా?"

చాయ్ పోశాను, తాగలేదు. నా ఇంట్లో చాయ్ తాగకుండా వెళ్లిపోయిన మనిషి అన్న ఒక్కడే. నేను ఊళ్లో అందరికీ చేసేది అదే కదా, అది ఎలా ఉంటుందో ఆరోజు తెలిసింది.

రెండూ రాశాను. తలుపూ రాశాను, దారమూ రాశాను. శేఠ్‌కు నోటీసు వెళ్లింది. ఆయన అన్నను పనిలోంచి తీసేశాడు. మూడు నెలలు ఏ ఖాతాలోనూ అన్నకు సాంచాలు ఇవ్వలేదు. వదినకు ఫోన్ చేసి డబ్బు పంపుతానన్నాను. "మీ అన్న తీసుకోడు మరిదీ" అని మెల్లగా పెట్టేసింది. అన్న నంబరుకు చేస్తే మోగేది, ఆగేది. నేను రాసింది తప్పు కాదని ఇప్పటికీ అంటాను. తప్పు కాకపోయినా నిద్ర మాత్రం పట్టడం లేదు.

నివేదిక ఇచ్చాక వచ్చిన ఒకటో తారీఖున జీతం పడ్డ మెసేజ్ వచ్చింది. సాయంత్రం దాకా ఫోన్ పక్కనే పెట్టుకున్నాను. అప్పటి నుంచి ప్రతి ఒకటో తారీఖూ నాకు అలాగే గడుస్తుంది. నాకు వచ్చేదెంతో ఊరందరికీ తెలుసు. వచ్చిందా అని అడిగేవాళ్లే లేరు.

మొన్న దసరా ముగిసిన వారం, కడోదరా రోడ్డు మీదే ఇంకో ఖాతాకు తనిఖీకి వెళ్లాను. సాంచాలు ఆడుతున్నాయి. ఆ మోతలో నన్నెవరూ పట్టించుకోలేదు. సిలిండరు తలుపు పక్కన గోడకుంది, బొట్లు పెట్టారు, బంతిపూల దండ వేశారు. దగ్గరికి వెళ్లి చూశాను. పసుపు దారం మెడకు వదులుగా చుట్టి, వెనక వైపు కట్టారు. పిన్నును తాకనే లేదు. వేలితో కదిపితే సులువుగా కదిలింది. ముడి కొసలు ఎడమ వైపుకు తిరిగి ఉన్నాయి.

తల తిప్పి సాంచాల వరుసలన్నీ చూశాను. చివరి వరుసలో నాలుగు సాంచాలు ఆడుతూనే ఉన్నాయి, వాటి ముందు మనిషి లేడు. పక్క సాంచాలాయన నన్నూ నా యూనిఫాంనూ చూసి, చెయ్యెత్తి వెనక్కి చూపించాడు.

వెనక తలుపుకు తాళం లేదు. అడ్డంగా ఒక్క తాకా కూడా లేదు. తలుపు బార్లా తెరిచి ఉంది, దాని రెక్క ఇంకా ఊగుతోంది. నన్ను చూసి అన్న అందులోంచే వెళ్లిపోయాడు.

నా తనిఖీ కాగితంలో వెనక తలుపు అన్న గడి ఎదురుగా, బాగుంది అని రాశాను.