కడ్డీ కింద గీత

పెబ్బేరు బస్టాండులో ఒకాయన నా సైకిల్ చుట్టూ రెండోసారి తిరిగేసరికి, నేను లేచి వెళ్ళి దాని సీటు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. ఆ రోజు పశువుల సంత. ఆయన భుజం మీద ఎద్దును కట్టే తాడు ఖాళీగా వేలాడుతోంది.

అది మట్టిదారుల్లో తిరగడానికి కొనుక్కున్న గ్రావెల్ సైకిల్. టైర్లు, హ్యాండిల్, సీటు, బ్రేకులు ఒక్కొక్కటే మంచివి వేయించుకుంటూ వచ్చాను. దాని మీద కన్నేశాడనే అనుకున్నాను.

"అన్నీ కొత్తయే ఉన్నయ్. నడిమి కడ్డీ ఒక్కటే పాతది. ఎక్కడిది తమ్మీ గీ సైకిలు?" అన్నాడు.

"నాదే అన్నా. నేనే మార్పిచ్చిన."

"దొంగెద్దును అంగడికి తోలుకొచ్చెటోడు గూడ గిట్లనే జేస్తడు. తాడు మారుస్తడు, గంట మారుస్తడు, కొమ్ములకు రంగేస్తడు."

నాకు ఒళ్ళు మండింది. నేను ఆయన్ని అనుమానిస్తుంటే, ఆయన నన్నే దొంగ అంటున్నాడు!

"నీదైతే గుర్తు జెప్పు. సూడకుండ జెప్పాలె."

"నడిమి కడ్డీ కింద గీరుకపోయింది. కొల్లాపూర్ తొవ్వల కంకర మీద పడ్డ."

ఆయన వంగి కడ్డీ కింద తడిమాడు. వేలు ఒకచోట ఆగింది.

"నీదే," అని చెప్పి, గద్వాల బస్సు రాగానే ఎక్కి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత సైకిల్‌కు కొత్త రంగు వేయించాను. కడ్డీ కింద గీత ఉన్నచోట మాత్రం వేయొద్దన్నాను. రంగులేసే మనిషి నన్ను ఎగాదిగా చూశాడు.