కంచె వెంట అడవి ఆవ

అమెరికాలో మా ఊరు ప్లెయిన్స్‌బరోలో ఊరివాళ్లు తలా ఒక మడి సాగుచేసుకునే తోట అది. రెండేళ్లు వరుసగా నా క్యాబేజీ ఆకులకు పసుపు మచ్చలొచ్చి, గడ్డ కట్టలేదు. మూడోసారీ ఇంతే అయితే మడి వదులుకుందామనుకున్నాను. విత్తనం, మట్టి, నీరు మార్చి చూశాను. అనుమానాల జాబితాలో ఇక మిగిలింది కంచె వెంట పెరిగే అడవి ఆవ మొక్కలే. వాటి ఆకులకూ అవే మచ్చలు. చలికాలమంతా వాటిలో దాగిన వైరస్‌ను వసంతంలో పేనుబంక పురుగు నా మడికి మోస్తోందన్నమాట.

పక్క మడి అంకుల్ రిటైర్డ్ డాక్టర్. ఆ ఆకు ఆయనకు పప్పులోకి కావాలి.

“ఫ్రీగా వచ్చే ఆవకూరయ్యా, పీకేస్తావా?”

“అంటువ్యాధి పేషెంట్‌ని జనరల్ వార్డులో ఉంచుతారా అంకుల్?”

ఆయన ఆకు తిప్పి చూసి, గ్లవ్స్ తొడుక్కున్నారు. నారు నాటకముందే ఇద్దరం కంచె పొడవునా వేళ్లతో సహా పీకేశాం.

జూన్‌లో మచ్చలేని క్యాబేజీని రెండు చేతులా ఎత్తి చూపించాను.

“సగం నాది!” అన్నారు అంకుల్.